గుణదలా? ఫిరంగిపురం, కొండవీడా? ఒక్క ఆదివారానికి ఏది మేలు

గుంటూరులో మా ఇంటికి చుట్టాలొస్తే అడిగేది ఇదే: పాత చర్చి చూడాలి, కొండా ఎక్కాలి, చీకటిపడేలోపు ఇల్లు చేరాలి. నాకు తెలిసిన దారులు రెండు.

మొక్కు ఉంటే మాత్రం విజయవాడలోని గుణదలే. 1924లో ఫాదర్ అర్లాటి ఆ కొండ గుహలో మేరీమాత విగ్రహం పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా అక్కడ తిరునాళ్లు. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, మెట్లెక్కేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. మా అమ్మ ఆ గుహ ముందు నిలబడితే పక్కన ఎవరున్నదీ మర్చిపోతుంది. ఆ కొండకి అంత మహిమ ఉంది. కానీ కారు ప్రయాణం కోసమైతే వద్దంటాను. వారధి దాటినప్పటి నుంచీ ట్రాఫిక్కే.

ఫిరంగిపురం దారి వేరు. పేరేచర్ల దాటి నరసరావుపేట రోడ్డు పట్టుకుంటే పత్తి, మిరప చేలు మొదలవుతాయి. కాసేపటికి ఎడమ చేతివైపు కొండవీటి కొండలు వరసగా లేస్తాయి. ఊళ్లోని బాలయేసు చర్చి నూరేళ్ల పైబడినది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి అడుగుపెడితే నేల చల్లదనం అరికాళ్లకి తగులుతుంది. పోయిన నవంబరులో మేం వెళ్లేసరికి ఒక పెద్దావిడ కొంగు తలమీద కప్పుకుని, పెదాలు మాత్రం కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. మా పిల్లలు చెప్పకుండానే గొంతు తగ్గించారు.

అక్కణ్ణుంచి కొండవీడు దగ్గరే. రెడ్డిరాజుల రాజధాని అది. 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట. ఇప్పుడు ఘాట్ రోడ్డుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లనీ పైదాకా తీసుకెళ్లొచ్చు. పైన చెరువులు, కూలిన బురుజులు, గాలి. కింద కొండ సీతాఫలాలు అమ్ముతున్నారు. కళ్లు విచ్చుకున్నవి ఏరి అమ్మ ఒళ్లో పోశాను. ఇంటికొచ్చేలోపే సగం అయిపోయాయి.

అందుకే మొక్కు లేనివాళ్లని నేను ఇటే పంపుతాను. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ రాళ్లు కాలిపోతాయి. నవంబరు నుంచి జనవరి లోపు, తెల్లవారుజామునే బయల్దేరండి. మంచినీళ్లు, టిఫిన్ ఇంటినుంచే పెట్టుకోండి. ఆదివారమైతే పూజ జరిగే వేళ కనుక్కుని, అది అయ్యాకే చర్చి చూడటానికి లోపలికి వెళ్లండి.