ఎండ పెరట్లో దేవగన్నేరు: కొన్నేళ్లు పెంచాక

మా గుంటూరు ఇంటి పెరట్లో మడి పడమటి గోడ పక్కన ఉంటుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండే ఎండ. ఇల్లు కట్టిన కొత్తలో అక్కడ పెట్టిన దేవగన్నేరు ఇప్పుడు డాబా పిట్టగోడను అందుకుంది.

మొక్క కొన్నప్పుడు పొగడ, కదంబం కూడా చూపించారు. కుండీలో ఉన్నంతకాలం అన్నీ చిన్న చెట్లే. నేలలో దిగాక కదంబం మేడను మించిపోతుంది. దేవగన్నేరు సాధారణంగా 15–20 అడుగుల దగ్గర ఆగుతుంది, అదీ నింపాదిగా.

కొనేటప్పుడు పువ్వుతో పాటు ఆకు కొస కూడా చూడండి. మొనదేలి ఉంటే రుబ్రా రకం. ఎరుపు, గులాబీ, పసుపు పూలు ఎక్కువగా ఇందులోవే. మంచి వాసన, కానీ చలికాలంలో ఆకంతా రాల్చేస్తుంది. కొస గుండ్రంగా ఉండి ఆకు నిగనిగలాడుతుంటే అబ్ట్యూసా. పూలు తెల్లవి, ఏడాదిలో ఎక్కువకాలం పచ్చగానే ఉంటుంది. పాము పడగలాంటి ఆకులుండే పుడికా విరగబూస్తుంది గానీ వాసన దాదాపు ఉండదు.

మాది రుబ్రా. డిసెంబరు దాటితే మోడే. వచ్చిన చుట్టాలు "చెట్టు పోయిందా?" అని అడుగుతారు. నాకు మాత్రం ఇదే దీనిలో నచ్చిన గుణం: చలికాలంలో బట్టల తీగ మీద ఎండ పడుతుంది, వేసవికి మళ్లీ నీడ వస్తుంది. వాసన రాత్రిపూటే చిక్కన. పువ్వులో తేనె ఉండదట, చిమ్మటలను వాసనతోనే మోసం చేసి పిలిపించుకుంటుంది. మా అత్తగారికి ఒకటే కొరత: పారిజాతానికైతే నేల రాలినా పూజకు పనికొచ్చే వెసులుబాటుంది, దీనికి లేదు.

ఈ చెట్టుకు ఎండ శత్రువు కాదు, నిలవ నీరే శత్రువు. మా నల్లరేగడి తడిని పట్టుకుని వదలదు. అందుకే మడిని మోకాలెత్తు లేపి ఎర్రమట్టి, ఇసుక కలిపి పోయించాం. కుదురుకున్నాక నీళ్లు పెట్టడం బాగా తగ్గించాం. చలికాలంలో అసలు పెట్టం.

ఇక లోపాలు. వానాకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తుంది, అది తుప్పు తెగులు. చెట్టు చావదు గానీ చూడ్డానికి బాగోదు. రాలిన ఆకులు ఏరి పారేయాలి, ఎరువు గుంతలో వేయకూడదు. కొమ్మలు పెళుసు, పిల్లల్ని ఎక్కనివ్వకండి. గిల్లితే కారే పాలు చర్మానికి మంట పెడతాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం.

కొమ్మ అడిగేవాళ్లకు లెక్కలేదు. ఇచ్చేటప్పుడు ఒకటే చెబుతాను: కోసిన చోట ఎండి గట్టిపడేదాకా వారం పది రోజులు నీడన పడేసి, అప్పుడు నాటండి. చెట్టు గుబురుగా కావాలంటే ఫిబ్రవరిలో, చిగురు రాకముందే కొసలు కోయాలి. పూత కొమ్మల కొసల మీదే వస్తుంది కాబట్టి ఆ ఏడు పూలు తగ్గుతాయి.