పసిబిడ్డ చిగురు మీద గడ్డ: కోయించడం మేలా, ఆగడం మేలా?

పుట్టిన బిడ్డ నోట్లోంచి ఎర్రటి గడ్డ వేలాడుతుంటే ఇంటిల్లిపాదికీ ముందు వచ్చే అనుమానం క్యాన్సరేమోనని. పైచిగురు ముందుభాగంలో, తొడిమతో ఉండే గడ్డయితే అది చాలామటుకు కంజెనిటల్ ఎపులిస్, అంటే పుట్టుకతోనే వచ్చే చిగురు గడ్డ. 1871లో జర్మన్ వైద్యుడు న్యూమన్ దీని గురించి మొదట రాశాడు. అరుదైనది, ఎక్కువగా ఆడపిల్లల్లోనే వస్తుంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా.

ఆగడానికీ గట్టి కారణమే ఉంది. పుట్టాక ఇది మామూలుగా పెరగదు. చిన్నవి కొన్ని వాటంతటవే కుంచించుకుపోయాయి. గడ్డ చిన్నదై, బిడ్డ పాలు బాగా తాగి బరువు పెరుగుతుంటే పిల్లల సర్జన్‌కి చూపిస్తూ ఆగడమే నయం. పెరుగుతోందంటే మాత్రం అది వేరే జబ్బేమో తేల్చుకోవాలి, ఆలస్యం పనికిరాదు.

గడ్డ పెద్దదైతే నా మాట కోతకే. రొమ్ము పట్టాలంటే బిడ్డ పెదవులు దాని చుట్టూ గాలి దూరకుండా అంటుకోవాలి. మధ్యలో గడ్డ అడ్డుపడితే పట్టు జారిపోతుంది, గాలి మింగుతుంది, నాలుగు గుక్కలకే అలసి ఏడుస్తుంది. ఉగ్గుగిన్నెతోనో గొట్టంతోనో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, నెలల తరబడి కుదరదు. ఊపిరికే అడ్డమైతే ఇక ఆలోచించడానికేమీ లేదు.

ఆపరేషన్ చిన్నదే. తొడిమ దగ్గర కోసి, రక్తం ఆపి, అవసరమైతే కుట్టు వేస్తారు. కొంచెం మిగిలినా తిరిగి వచ్చిన దాఖలా లేదు. అందుకే లోతుగా తవ్వకూడదు, చిగురు లోపలున్న పాలపళ్ల మొగ్గలు దెబ్బతింటాయి. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లోనే తల్లిపాలు పట్టొచ్చు. తీసిన ముక్కను బయాప్సీకి పంపారా అని అడగండి.

మత్తు సంగతి: తొడిమ సన్నగా ఉంటే లోకల్ (ఆ చోటికే ఇచ్చే మత్తు) చాలు. మొదలు వెడల్పుగా ఉంటే జనరలే (పూర్తి మత్తే) భద్రం, ఊపిరి గొట్టం వేస్తారు కాబట్టి రక్తం ఊపిరితిత్తుల్లోకి జారదు. కానీ పెద్ద గడ్డ పక్కనుంచి ఆ గొట్టం వేయడం తేలిక కాదు, ఆపరేషన్ తర్వాత బిడ్డ ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి. నవజాత శిశువుల ఐసీయూ, పిల్లలకు మత్తిచ్చి అలవాటున్న డాక్టరు ఉన్నచోటే చేయించండి. రక్తం గడ్డకట్టేందుకు పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో ముందే చూసుకోండి. ఇంట్లో దారం కట్టి ఊడదీయాలని మాత్రం చూడకండి.

నెలలు నిండే ముందు స్కానింగ్‌లోనే గడ్డ కనబడితే, కాన్పే అలాంటి ఆసుపత్రిలో పెట్టుకోవాలి.