అల్యూమినియానికి పాలిష్ ఇన్సర్ట్: చాలాకాలం వాడాక

ఇన్సర్ట్ అంటే లేత్ టూల్ కొసన బిగించి, అరిగితే మార్చుకునే కోత ముక్క. నాది సీసీజీటీ 09టీ304 రకం, కోటింగ్ లేని పాలిష్ కార్బైడ్. కొలతలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. 6063 రకం అల్యూమినియం రాడ్ల మీద ఇదే వాడుతున్నాను. ఇంతగా నచ్చడానికి కారణం ఒక్కటే: చిప్ (కోతలో ఊడొచ్చే లోహపు పేడు) టూల్‌కి అంటుకోదు, జారిపోతుంది.

అనుమానముంటే చిప్‌నే కొలిచి చూడండి. 40 మి.మీ. రాడ్, 1400 ఆర్పీఎం, 1 మి.మీ. డెప్త్ (కోత లోతు), 0.12 మి.మీ. ఫీడ్ (ఒక్కో చుట్టుకి టూల్ జరిగే దూరం). స్టీలుకి వాడే కోటింగ్ ఇన్సర్ట్‌తో చిప్ మందం 0.35 దాకా వచ్చింది, దీంతో 0.22. కోసిన లోహం రెండింట్లోనూ అంతే. రాపిడి తగ్గేకొద్దీ చిప్ పలచబడి, వేగంగా బయటికి పోతుంది. టూల్‌కి రాసుకున్న వైపు తిప్పి చూస్తే తళతళలాడుతుంది. అక్కడ మసకబారి గీతలు పడ్డాయంటే అంటుకోవడం మొదలైనట్టే.

అయితే ఫేసింగ్‌లో, అంటే రాడ్ చివరి ముఖాన్ని చదును చేసేటప్పుడు, కథ మారుతుంది. బయటి అంచున వేగం నిమిషానికి 176 మీటర్లు. టూల్ లోపలికి వస్తూ 10 మి.మీ. వ్యాసం దగ్గరికి చేరేసరికి అది 44కి పడిపోతుంది. అక్కడ పాలిష్ ఒక్కటే ఆదుకోదు. చిప్ అడుగుపొర నోస్ (ఇన్సర్ట్ మొన) మీద ఆగిపోతుంది, దాని మీద ఇంకో పొర పేరుకుని గట్టిపడుతుంది. ఇక కోసేది కార్బైడ్ కాదు, ఆ గడ్డ. అది విరిగినప్పుడల్లా కొంత ముక్క జాబ్‌కే (కోస్తున్న రాడ్‌కే) అతుక్కుని, మధ్యలో ఫినిష్ గరుకుగా తేలుతుంది. బ్రష్‌తో కిరోసిన్ పూస్తూ ఉంటే చాలావరకు తగ్గుతుంది. డ్రైగా మాత్రం వద్దు.

గడ్డ కట్టాక బ్లేడుతో గీకితే కార్బైడ్ అంచు కూడా ఊడొస్తుంది. ఇన్సర్ట్ విప్పి, ప్లాస్టిక్ డబ్బాలో పలచటి కాస్టిక్ సోడా నీళ్లు పోసి, బుడగలు ఆగేదాకా అందులో ఉంచండి. అల్యూమినియం కరిగిపోతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలాడే చోట, మంటకి దూరంగా చేయాలి.

జారే చిప్‌తో ఇంకో చిక్కు, అది తెగదు. డెప్త్ 0.3 కన్నా తగ్గితే పొడుగు తీగలై చక్‌కి (రాడ్‌ని పట్టి తిప్పే భాగానికి) చుట్టుకుంటుంది. రఫింగ్‌లోనైతే (మొదటి ముతక కోతలో) ఫీడ్ 0.2కి పెంచితే కొంత తెగుతుంది. ఫినిషింగ్‌లో ఆ వెసులుబాటు లేదు, లేత్ ఆపి హుక్‌తో లాగాల్సిందే.

స్పీడ్ పరిమితి ఉన్న చిన్న లేత్, పనిలో ఎక్కువ భాగం అల్యూమినియం రాడ్డే కాబట్టి నాకు ఇదే సరి. ఇసుక మిగిలిన కాస్టింగులు, కీ-వే (పొడవాటి గాడి) ఉన్న జాబులు ఎక్కువగా వచ్చే చోట ఇంత పదునైన అంచు త్వరగా పెచ్చు లేస్తుంది. ఎక్కువ స్పీడు, ధారగా కూలెంట్ ఉన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్ మీద ఈ తేడా ఇంతగా తెలియకపోవచ్చు.