అజాక్స్ పరువా, ఒడిస్సియస్ మర్యాదా: ఏది మేలు?

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన 'అజాక్స్' నాటకం చదివిన ప్రతిసారీ నేను ఆగిపోయేది ఒక నవ్వు దగ్గర.

ట్రాయ్ యుద్ధంలో గ్రీకుల మేటి యోధుడు అకిలీస్ మరణించాక అతని ఆయుధాలు తోటి గ్రీకు నాయకుడు ఒడిస్సియస్‌కు దక్కాయి. అకిలీస్ తరువాత అంతటి యోధుడైన అజాక్స్‌ అది సహించలేకపోయాడు. రాత్రివేళ తన పక్షంలోని గ్రీకు నాయకులనే చంపబోయాడు. అథీనా దేవత అతని మతి చెదరగొట్టడంతో, మనుషులనుకుని పశువుల మందను నరికాడు. మతి కుదుటపడ్డాక కూడా, చేయబోయిన హత్యల గురించి అతనికి పశ్చాత్తాపం లేదు. ఒడిస్సియస్ పగలబడి నవ్వుతూ ఉంటాడన్నదే బాధ. వట్టి చేతులతో తండ్రి టెలమాన్‌కు ముఖం ఎలా చూపించాలన్నదే బాధ. గౌరవంగా బతకాలి, కాకపోతే గౌరవంగా చావాలి. మూడో దారి లేదనుకున్నాడు. ఒకప్పుడు శత్రుపక్షమైన ట్రాయ్ వీరుడు హెక్టర్ కానుకగా ఇచ్చిన కత్తి మీదనే పడి ప్రాణం విడిచాడు.

మయసభలో దుర్యోధనుణ్ణి చూసి నిజంగానే నవ్వారు. ఇక్కడ ఒడిస్సియస్ నవ్వనే లేదు. నాటకం మొదట్లోనే అథీనా మతి తప్పిన అజాక్స్‌ను అతనికి చూపించి, శత్రువును చూసి నవ్వడం కన్నా తీయనిది ఏముందని అడుగుతుంది. అతనికి జాలి కలిగింది. శత్రువే అయినా ఆ స్థితిలో తనను తాను చూసుకున్నాడు. ఈ సంగతి అజాక్స్‌కు చివరిదాకా తెలియదు. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

అజాక్స్ పరువులో గొప్పతనం లేదని అనను. తన మాటకు మూల్యం తన ప్రాణంతోనే చెల్లించాడు. కానీ తన బిడ్డ తల్లి అయిన టెక్‌మెస్సాకు అతను ఏం జవాబు చెప్పాడు? ఆమె ఊరిని ధ్వంసం చేసి చెరపట్టి తెచ్చుకున్నది అతనే. ఇప్పుడు ఆమెకు, పసివాడికి అతను తప్ప దిక్కు లేదు. పొందిన మేలు మరిచిన మనిషి ఉత్తముడు కాలేడని ఆమె బతిమాలింది. ఆ ఒక్క మాటతో ఆమె అతని పరువు లెక్కనే తిరగరాసింది. అతను వినలేదు.

1420 పంక్తుల నాటకంలో అజాక్స్ 865వ పంక్తి దగ్గరే చనిపోతాడు. మిగిలినదంతా శవం గురించిన తగాదా. గ్రీకు సేనను నడిపే అన్నదమ్ములు మెనెలౌస్, అగమెమ్నన్ ఖననం కూడదన్నారు. అడ్డుపడి ఒప్పించినవాడు ఒడిస్సియస్. రేపు తనకూ ఆ అవసరం వస్తుందన్నాడు. ఎవరికి వారే చూసుకుంటారని అగమెమ్నన్ ఎత్తిపొడిస్తే, నా కోసం కాక ఇంకెవరి కోసమని ఎదురడిగాడు. ఇది స్వార్థమని కొట్టిపారేసేవారు ఉండవచ్చు. నాకు మాత్రం ఈ స్వార్థమే మేలనిపిస్తుంది. పరాయి శవంలో తన చావును చూడగలిగినవాడే దానికి పిడికెడు మట్టి ఇప్పించగలిగాడు.

ఖననంలో తానూ చేయి వేస్తానని ఒడిస్సియస్ అడిగాడు. అజాక్స్ సవతి తమ్ముడు ట్యూసర్ అతనికి మనసారా కృతజ్ఞత చెప్పాడు. అయినా నువ్వు తాకితే చనిపోయినవాడికి నచ్చదేమోనన్నాడు. ఒడిస్సియస్ ఆ మాట మన్నించి వెళ్లిపోయాడు.