కూలర్ పెట్టెలో రికార్డులు: మెంఫిస్ నుంచి మజిల్ షోల్స్ దాకా

మెంఫిస్‌లో గది వెతికేటప్పుడు నేను చూసుకున్నవి రెండే: కారు గుమ్మం ముందే ఆగాలి, ఏసీ గట్టిగా పనిచెయ్యాలి. "బావా, గది మనకా, నీ రికార్డులకా?" అన్నాడు బావమరిది. మనకంటే వాటికే అవసరం అన్నాను. జులై నెల. ఆ ఎండలో అద్దాలు మూసిన కారంటే పొయ్యే. అరగంట వదిలేస్తే ఎల్పీ, అదే పెద్ద సైజు గ్రామఫోన్ రికార్డు, అప్పడంలా లేస్తుంది. ఈ సంగతి నాకు ఎన్నేళ్లుగానో తెలుసు. తెలిసీ ఏం చేశానో తర్వాత చెప్తాను.

మొత్తం ఐదు రాత్రులు. మెంఫిస్‌లో మూడు రాత్రులు, అలబామాలో రెండు. పెద్ద హిట్ల కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు, అవి ఫోన్లోనే ఉన్నాయి. నేను తిరిగేది చిన్న రికార్డు కంపెనీ ఏదో కొన్ని వందల కాపీలు వేయించి, అవి ఆ ఊరి రేడియోలో నాలుగు రోజులు మోగి, తర్వాత ఎవరింటి అటకో ఎక్కేసిన 45ల కోసం, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డుల కోసం. అమెరికా నల్లవాళ్ల సోల్, ఫంక్ సంగీతం, దానికి కాస్త మత్తెక్కించిన సైకెడెలిక్ గిటార్. 1967 నుంచి 1974 మధ్యదైతే కళ్లు మూసుకుని కొంటాను.

మొదటి రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరి మోటెల్లో గడిచింది. అక్కడి ఏసీ లారీలా అరిచింది తప్ప చల్లబరిచింది లేదు. డెస్క్ దగ్గరి కుర్రాడు తన ఫ్యానే తెచ్చిచ్చాడు పాపం, అతని మీద నాకేం కోపం లేదు. మర్నాడు పొద్దున్నే కూపర్-యంగ్ పేటలో ఒక పాత ఇంటి వెనక వాటాకి మారిపోయాం. డబ్బు కొంచెం ఎక్కువే. కానీ గోనర్ రికార్డ్స్ నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఆ షాపు మనసు గరాజ్ రాక్, పంక్ మీదే అయినా సోల్ పెట్టెల్ని చిన్నచూపు చూడరు. మాడిసన్ అవెన్యూలో ఉన్న షాంగ్రిలా రికార్డ్స్ నా తీరుకి ఇంకా దగ్గర. రెండుచోట్లా గంటల తరబడి వంగుని వెతికినా ఎవరూ "ఏం కావాలి సార్" అని వెనకాల నిలబడరు. రికార్డుల షాపులో అంతకన్నా మంచి సర్వీసు నాకు తెలీదు.

45 చేతికొస్తే ముందు గోరుతో అంచు మీద కొడతాను. టిక్ అని పొడిగా మోగితే స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్, మెత్తగా పలికితే వినైల్. స్టైరీన్ తేలిగ్గా ఉంటుంది, చూడ్డానికి తళతళలాడుతుంది, కానీ మొరటు నీడిల్ ఒక్కసారి తగిలితే చాలు, పాట మొదలయ్యే చోట బూడిదరంగు చార పడిపోతుంది. ఆ చారున్నది ఎంత అరుదైనదైనా వదిలేస్తాను. వదిలేస్తాననే అనుకుంటాను. ఈసారి కూడా రెండు కొన్నాను.

బీల్ స్ట్రీట్‌కి ఒక సాయంత్రం వెళ్లాం. గోల. సన్ స్టూడియో ఎల్విస్ అభిమానులది, గంట చాలు.

స్టాక్స్ మ్యూజియంకి మాత్రం సగం రోజు పెట్టుకోండి. జిమ్ స్టూవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి 1960లో మెక్‌లెమోర్ అవెన్యూలో మూతబడ్డ సినిమా హాలు అద్దెకి తీసుకుని పెట్టిన స్టూడియో అది. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి ముక్కలు కలిపితే స్టాక్స్. హాల్లో స్నాక్స్ అమ్మిన చోట అక్క రికార్డుల షాపు పెట్టింది. పేటలో పిల్లలు ఏ పాటకి కాలు కదుపుతున్నారో అక్కడే తెలిసిపోయేది. కంపెనీ 1975లో దివాలా తీసింది, 1989లో భవనాన్ని పడగొట్టేశారు. ఇప్పుడున్నది అదే స్థలంలో మళ్లీ కట్టి 2003లో తెరిచిన మ్యూజియం.

మొదట మిసిసిపీ నుంచి ఊడదీసి తెచ్చి నిలబెట్టిన చిన్న చెక్క చర్చి. సోల్ ఎక్కడ పుట్టిందో బోర్డు రాసి చెప్పడంకన్నా ఇది నయం. స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ బంగారు తొడుగుల కాడిలాక్ కారు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. జనం ఫొటోలకి అక్కడే ఎగబడతారు. నేను ఎక్కువసేపు నిలబడింది తిరిగి కట్టిన స్టూడియో గదిలో. సినిమా హాలు కాబట్టి నేల వాలుగా ఉంటుంది. అప్పట్లో సరిచేయించడానికి డబ్బుల్లేక అలాగే వదిలేశారు. తెర ఉండే స్టేజీ మీద కంట్రోల్ రూమ్ పెట్టారు. నేలకీ పైకప్పుకీ పొత్తు కుదరని ఆ గదిలో శబ్దం ఎటుపడితే అటు తగిలి తిరిగొస్తుంది. స్టాక్స్ రికార్డుల్లో డ్రమ్ము వెనక వినిపించే ఆ ఖాళీ అదే. చెప్పులు విప్పి నిలబడి చూశాను, పాదాల కింద వాలు తెలుస్తుంది. గార్డు చూశాడు, ఏమీ అనలేదు.

నాలాంటివాళ్లకి అక్కడ అసలు కథ 1968. స్టాక్స్ రికార్డుల్ని అమ్మిపెట్టే అట్లాంటిక్ కంపెనీతో తెగతెంపులు చేసుకునేటప్పుడు తెలిసింది, కాంట్రాక్టు ప్రకారం పాత పాటల అసలు రికార్డింగులు, అంటే మాస్టర్ టేపులు, అట్లాంటిక్‌కే పోయాయని. ఓటిస్ రెడ్డింగ్ అంతకుముందు డిసెంబర్లోనే విమాన ప్రమాదంలో పోయాడు. చేతిలో పాత సరుకు లేదు, పెద్ద గాయకుడు లేడు. అప్పుడు స్టాక్స్ పెద్దల్లో ఒకడైన అల్ బెల్ 1969లో ఒక్క ఊపున 27 ఆల్బమ్‌లు దింపాడు. ఆ తొందరలో ఎవరిని ఏం చెయ్యాలో చెప్పే తీరిక లేకపోయింది కాబట్టే హేస్ నాలుగే పాటలతో ఎల్పీ చేశాడు, అందులో ఒకటి 18 నిమిషాలు దాటుతుంది. రికార్డు మధ్య అంటించిన లేబుల్ చూస్తేనే కాలం తెలిసిపోతుంది: నీలం మీద రికార్డుల దొంతర ఉంటే 1968కి ముందు, పసుపు మీద చిటికేసే చెయ్యుంటే తర్వాత. నేను వెతికేది పసుపు.

దగ్గర్లో లొరెయిన్ మోటెల్ ఉంది, ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. స్టాక్స్ వాళ్లు, తెల్లా నల్లా కలిసి కూర్చుని పాటలు కట్టుకున్న చోటే మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న చంపారు. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

స్టాక్స్‌ది తిరిగి కట్టిన గది. మెంఫిస్‌లోనే ఉన్న రాయల్ స్టూడియోస్‌ది అసలుది, ఇప్పటికీ పనిచేస్తోంది. ముందే రాసి అడిగితే రమ్మన్నారు. ఇదీ పాత సినిమా హాలే, ఇక్కడా నేల వాలే. గోడల నిండా గోనెపట్టా, సీలింగు మీద ఎప్పటివో అట్టలు. నిర్మాత విల్లీ మిచెల్ గాయకుడు ఆల్ గ్రీన్‌ని పాడించింది ఈ గదిలోనే, 9 అని నంబరు రాసిన మైకులో. ఆయన 2010లో పోయాక కొడుకు నడుపుతున్నాడు. ఓ.వి. రైట్ కూడా ఇక్కడే పాడాడు. ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ, వింటే మాత్రం మానలేరు. మ్యూజియంలో అద్దం వెనక చూసిన వస్తువులన్నీ ఇక్కడ కాళ్లకి తగులుతుంటాయి. కూర్చోడానికి చోటు లేదు, టికెట్ లేదు, టీషర్టుల కౌంటర్ లేదు. ప్రయాణంలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూస్తాను.

ఇక కారు సంగతి. 45లు చల్లగా ఉండాలని ఐస్ వెయ్యని కూలర్ పెట్టెలో సర్దాను. ఎల్పీలు అందులో పట్టవు. మెంఫిస్‌లో ఆఖరి రోజు పొద్దున్న దొరికిన బార్-కేస్ వాళ్ల 1971 నాటి ఎల్పీ వెనక సీటుకి ఆనించి ఉంది. ఓటిస్‌తోపాటు ఆ బ్యాండువాళ్లు నలుగురు పోయాక, మిగిలిన ఇద్దరు మళ్లీ కట్టుకున్న బ్యాండు వాయించినది. సోల్ మధ్యలో గరగరలాడే ఫజ్ గిటార్ దూరిన రికార్డు. ఎన్నేళ్ల నుంచో చూస్తున్నాను.

హైవే 72 మీద మిసిసిపీలో కోరింత్ వస్తుంది. అక్కడ స్లగ్‌బర్గర్ అని ఉంటుంది. స్లగ్ అంటే నత్త కాదు, అప్పట్లో ఐదు సెంట్ల నాణేన్ని అలా పిలిచేవాళ్లట. కరువు రోజుల్లో మాంసంలో పిండి కలిపి అమ్మేవాళ్లు. బావమరిది తినే తీరాలన్నాడు. నలభై నిమిషాలు. బర్గర్ బాగుంది, వేడివేడిగా, అంచులు కరకరలాడుతూ. కారు తలుపు తీసేసరికి వెనక సీటు మీద ఎల్పీ స్లీవుతో సహా గిన్నెలా వంగి ఉంది.

"నేను చెప్పలేదా బావా, నీడలో పెడదామని?" అన్నాడు. అతను చెప్పలేదు. నేనూ అడగలేదు.

అలబామాలోని ఫ్లోరెన్స్‌లో నదికి దగ్గరగా చిన్న మోటెల్లో దిగాం. గుమ్మం ముందు కారు, గడ్డకట్టించే ఏసీ, అడక్కుండానే అదనపు దుప్పటి. కావలసినవన్నీ ఇక్కడ దొరికాయి, ఒక రోజు ఆలస్యంగా.

పక్కనే మజిల్ షోల్స్ ఊళ్లో ఫేమ్ స్టూడియోస్ టూర్ రికార్డింగు లేనప్పుడే ఉంటుంది, ఫోన్ చేసి వెళ్లండి. 1967 జనవరిలో గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఇక్కడికొచ్చి ఒక్క రోజే పాడింది. పాట కుదరక అందరూ దిక్కులు చూస్తుంటే స్పూనర్ ఓల్డ్‌హామ్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఏదో కదిపాడు, దారి దొరికింది. ఆ రాత్రే గొడవై ఆవిడ వెళ్లిపోయింది. ఆ గది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

షెఫీల్డ్‌లో 3614 జాక్సన్ హైవే అనే స్టూడియో ఇంకా చిన్నది. ఒకప్పుడు శవపేటికలు ఉంచిన కొట్టు. 1969లో ఫేమ్‌లో వాయించే నలుగురు బయటికొచ్చి పెట్టుకున్నది. అదే డిసెంబర్లో రోలింగ్ స్టోన్స్ వచ్చి మూడు పాటలు చేసుకెళ్లారు కాబట్టి గైడు కథలన్నీ వాళ్ల మీదే. స్టేపుల్ సింగర్స్ 1972లో స్టాక్స్ పసుపు లేబుల్ మీద చేసిన పెద్ద హిట్ కూడా ఈ గదిలోదే అని నేనంటే గైడు మొహం వెలిగింది. బేస్ ఆంప్ ఉండే మూల చూపించి, టూర్ అయిపోయాక ఇంకో పావుగంట ఉండనిచ్చింది.

ఎల్పీ ఇప్పుడు ఇంట్లో రెండు అద్దాల మధ్య, పైన డిక్షనరీల బరువుతో ఉంది. మూడు వారాలైంది. రెండో వైపు పలుకుతోంది, మొదటి వైపు మొదటి పాటలో నీడిల్ పడవలా ఊగుతోంది. తర్వాతి ప్రయాణం డెట్రాయిట్‌కి. అక్టోబర్లో.