ఎవరి ఓడకు పండుగ? అన్వేషకుల స్మృతి విషయంలో ఏ దారి మేలు

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు రైల్వే డివిజన్‌ పేరును విశాఖపట్నం డివిజన్‌గా మార్చాలని నిర్ణయించినప్పుడు, ఆ పేరు వలసపాలన నాటి వారసత్వం గనుక మార్చవలసి ఉందని అధికారికంగా కారణం చెప్పారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ కొద్దిరోజులు సాగి సద్దుమణిగింది. దాని వెనుక ఉన్న పెద్ద ప్రశ్న మాత్రం తేలలేదు. సముద్రాలు దాటి వచ్చిన అన్వేషకులనూ, వారి వెనుకే వచ్చిన వలస రాజ్యాలనూ నేటి సమాజం గౌరవంతో తలచుకోవచ్చా, తలచుకుంటే ఏ రూపంలో తలచుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. విక్టోరియా రాణి విగ్రహం, కింగ్ జార్జి ఆసుపత్రి, లాసన్స్ బే, భీమునిపట్నంలోని డచ్చి సమాధులు అన్నీ ఉన్న ఈ తీరంలో బతుకుతున్నవారికి ఇది దూరదేశాల వివాదం కాదు.

ప్రపంచంలో ఈ విషయమై మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, ఉన్న వేడుకలనూ విగ్రహాలనూ యథాతథంగా కొనసాగించడం. రెండవది, వాటిని తొలగించి, పేర్లు మార్చి, ఆనవాళ్లు తుడిచివేయడం. మూడవది, ఆనవాళ్లను ఉన్నచోటనే ఉంచి, వేడుకను మాత్రం ఆ ప్రయాణాల భారాన్ని మోసినవారి పేరిట జరపడం.

మొదటి దారిని సమర్థించేవారి వాదంలో ఒక నిజం ఉంది. తీరం కనబడని సముద్రంలోకి కొయ్య ఓడలతో వెళ్లడానికి తెగువ కావాలి, ఆ తెగువ వల్ల భూగోళ జ్ఞానం పెరిగింది. అయితే ఆ జ్ఞానం ఎవరిదన్నది కూడా అడగాలి. వాస్కో డ గామా 1498లో ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలిందీ నుంచి కళ్లికోటకు వచ్చింది, ఋతుపవనాల గాలినీ సముద్రమార్గాన్నీ ముందే ఎరిగిన ఒక స్థానిక మార్గదర్శి సాయంతో. హిందూ మహాసముద్రంలో నావికులు శతాబ్దాలుగా తిరుగుతున్న దారి అది. మన తీరానికే వస్తే, భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధారామంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. గామా పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈ సముద్రానికి దూరదేశాలతో పరిచయం ఉందని అవి చెబుతున్నాయి. అందువల్ల ఐరోపావారు తమకు కొత్తగా తెలిసిన దారిని లోకానికే కొత్తదిగా చాటుకున్న తీరును మనం కూడా పాఠ్యపుస్తకాల్లో వల్లె వేయడం న్యాయం కాదు.

తెగువకు తోడు క్రూరత్వం కూడా లెక్కలోకి రావాలి. గామా 1502లో రెండవసారి వచ్చినప్పుడు మక్కా యాత్ర ముగించుకుని తిరిగివస్తున్న వందలాది మందితో ఉన్న మీరీ అనే ఓడను తగులబెట్టించాడు. కొలంబస్ సంగతి ఇంకా స్పష్టం. 1495లో ఆయన కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా ద్వీపం నుంచి సుమారు 500 మంది తైనో ప్రజలను బానిసలుగా అమ్మడానికి స్పెయిన్‌కు ఓడల్లో పంపాడు. ద్వీపంలో ఆయన పాలనపై వచ్చిన ఫిర్యాదుల మీద 1500లో ఆయననే సంకెళ్లతో స్పెయిన్‌కు పంపించారు. ఆ కాలపు నీతి వేరని, నేటి కొలమానంతో నాటివారిని కొలవకూడదని చెప్పేవారు ఈ ఫిర్యాదులు ఆ కాలంలోనే పుట్టాయన్నది గమనించాలి.

మొదటి దారికి నేటికీ నిలువెత్తు ఉదాహరణ ఆస్ట్రేలియా. మనం గణతంత్ర దినోత్సవం జరుపుకునే జనవరి 26నే అక్కడ జాతీయ దినం. 1788లో అదే రోజున ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో 11 ఓడల్లో ఖైదీలను తెచ్చిన బ్రిటిషువారు సిడ్నీ తీరంలో తమ జెండా ఎగరేశారు. 1938లో, ఆ ఘటనకు 150 ఏళ్లు నిండిన వేడుకలు జరుగుతుండగా, అక్కడి ఆదివాసీ నాయకులు సిడ్నీలోనే సమావేశమై ఆ రోజును సంతాప దినంగా ప్రకటించారు. ఒక దేశంలోని ప్రజల్లో ఒక భాగం సంతాపం పాటించే రోజును మిగిలినవారు పండుగగా జరుపుకోవడం ఎంత కాలం గడిచినా సమంజసంగా కనిపించదు. ఇలాంటి వేడుక అలనాటి బ్రిటిషువారికీ కొత్త కాదు. మద్రాసు రాజధానిలో ధాత కరువు మొదలై జనం ఆకలితో చనిపోతుండగా, 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపించి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. మన పాతనగరంలోని విక్టోరియా విగ్రహం దగ్గర ఈ సంగతిని కూడా రాసి ఉంచితే, చూసేవారికి ఆ విగ్రహం చెప్పేది పూర్తిగా అర్థమవుతుంది.

రెండవ దారిలోని ఆవేశాన్ని నేను తక్కువ చేయను. 2020 జూన్ 7న ఇంగ్లండులోని బ్రిస్టల్ పౌరులు బానిసల వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని కూల్చి రేవు నీళ్లలో పడవేసినప్పుడు, దానికి ముందు ఆ విగ్రహం మీద ఏళ్ల తరబడి వచ్చిన అభ్యంతరాలు ఫలితమివ్వలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఢిల్లీలో స్వాతంత్ర్యం తరువాత ఇండియా గేటు దగ్గరి ఐదవ జార్జి విగ్రహాన్ని తీసి కరోనేషన్ పార్కుకు తరలించారు. కొత్త ప్రభుత్వం ఏలికల విగ్రహాలను నడివీధిలో ఉంచనవసరం లేదనడంలో తప్పు లేదు.

అయితే పేర్ల మార్పు ఎంతవరకు పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. ఉత్తరాంధ్ర నుంచీ, ఒడిశా నుంచీ రోగిని వెంటబెట్టుకుని కింగ్ జార్జి ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు వచ్చే కుటుంబం ఐదవ జార్జికి నమస్కరించడానికి రాదు. 1923లో అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి పానగల్ రాజా ప్రారంభించిన ఆ ఆసుపత్రి పేరులో రాజు ఎప్పుడో కనుమరుగయ్యాడు, అక్కడ మిగిలింది వైద్యం మాత్రమే. ఆ పేరును మార్చినా, ఉంచినా ఆ రాజుకు కలిగే గౌరవం గానీ, అగౌరవం గానీ లేదు. వాల్తేరు డివిజన్ పేరు పోయింది, చినవాల్తేరు, పెదవాల్తేరు అలాగే ఉన్నాయి. పేరు మార్చడం తేలిక, ఖర్చు తక్కువ. అది జరగగానే ఆ కాలంతో లెక్క తేలిపోయిందన్న భావన కలుగుతుంది. దానివల్ల చెప్పవలసిన చరిత్ర చెప్పకుండా పోతుంది. 1780 అక్టోబరు 3న హైదరాలీపై యుద్ధానికి ఓడ ఎక్కి మద్రాసు వెళ్లమంటే నిరాకరించి, విశాఖపట్నంలోని కంపెనీ సిపాయిలు తిరుగుబాటు చేశారు. 1857కు 77 ఏళ్ల ముందు జరిగిన ఈ ఘటన మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

వలసపాలన మంచి పనులు కూడా చేసింది కదా అన్న వాదం వచ్చిన ప్రతిసారీ మన ప్రాంతంలో ముందుగా వినబడే పేరు సర్ ఆర్థర్ కాటన్‌ది. ఈ విషయం మీద కొంచెం నిలవాలి. కరువులూ, తుఫానులూ గోదావరి ప్రాంతాన్ని చితకబొడిచిన తరువాత, 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కంపెనీ అనుమతి ఇవ్వడంలో పడిపోయిన శిస్తును నిలబెట్టుకోవాలన్న ఆలోచన ఉన్నమాట నిజమే. కాటన్ స్వభావం అంతకంటె పెద్దది. రైలు మార్గాల కన్నా కాలువలకే ముందు డబ్బు పెట్టాలని జీవితాంతం వాదించి, తన ప్రభుత్వం చేతనే విమర్శలు ఎదుర్కొన్నాడు. మే 15న డెల్టా రైతులు ఆయన విగ్రహాలకు దండలు వేస్తున్నారంటే, అది ఏ దొర ఆజ్ఞా కాదు. నీరు తాగి పంట పండించినవారు తమంతట తాము ఇచ్చిన గౌరవం అది. దాన్ని వలసపాలనకు ఇచ్చిన కితాబుగా లెక్కగట్టకూడదు, అది ఒక మనిషి చేసిన పనికి దక్కినది. అదే గౌరవంలో ఆ ఆనకట్ట పనికి కూలీలను కూడగట్టి వెంట నిలిచిన వీణెం వీరన్నకూ, రాళ్లు మోసిన వేలాదిమందికీ వాటా రావాలి.

అదే కొలతతో మన మన్యాన్ని చూస్తే ఫలితం తలకిందులవుతుంది. దొరలు రోడ్లు వేశారంటారు. నర్సీపట్నం, చింతపల్లి ప్రాంతంలో ఆ రోడ్లకు రాళ్లు కొట్టించింది కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనుల చేతనే. 1882 మద్రాసు అటవీ చట్టం వారిని పోడు వ్యవసాయం నుంచి నెట్టివేసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి చేయడానికి వెనుక ఈ రెండు బాధలూ ఉన్నాయి. విశాఖ రేవు కూడా 1933లో తెరుచుకున్నది ప్రధానంగా మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని బయటికి తరలించడానికి. ఈనాడు ఆ రేవు మనకు అన్నం పెడుతోంది, కనుక దాన్ని బాగా చూసుకోవాలి. కట్టించినవారి ఉద్దేశానికి మాత్రం మనం కృతజ్ఞత చెల్లించనవసరం లేదు.

ఈ కొలతను మనవారికీ వర్తింపజేయాలి, లేకుంటే మన వాదానికి విలువ ఉండదు. రాజేంద్ర చోళుడు 1025లో ఆగ్నేయాసియాలోని శ్రీవిజయ రాజ్యంపై చేసిన నౌకాదండయాత్రను నౌకానైపుణ్యానికి నిదర్శనంగా చదవవచ్చు. దోపిడీకి గురైన రేవుల వైపు నుంచి కూడా దాన్ని చదవాలి. కళింగంపై గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం గుడిలో శాసనం వేయించి కానుకలిచ్చాడు, పొట్నూరులో జయస్తంభం నిలిపాడు. గుడికిచ్చిన కానుకను గౌరవిస్తూనే, జయస్తంభం ఓడినవారి నేల మీద నిలిచిందని చెప్పవచ్చు.

మూడవ దారికి నాకు తెలిసినంతలో అందరికంటె మంచి ఉదాహరణ మారిషస్. మనుషులు లేని ఆ ద్వీపానికి 1598లో డచ్చివారు తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు, 1968లో స్వాతంత్ర్యం వచ్చినా ఆ దేశం ఆ పేరు మార్చుకోలేదు. అయితే అక్కడి ప్రజలు ఏ రోజులను పండుగ చేసుకుంటున్నారో చూడండి. ఫిబ్రవరి 1 బానిసత్వం రద్దయిన రోజుకు గుర్తు. నవంబరు 2, 1834లో అట్లాస్ అనే ఓడలో భారతదేశపు ఒప్పంద కూలీలు దిగిన రోజుకు గుర్తు. ఆ కూలీలు దిగిన రేవు మెట్లున్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పేరు దొరది, పండుగ కూలీది. ఆస్ట్రేలియా జనవరి 26ను ఓడ పైతట్టు మీద నిలిచిన అధికారి కళ్లతో చూస్తే, మారిషస్ నవంబరు 2ను ఓడ అడుగున కూర్చున్నవారి కళ్లతో చూస్తుంది. రెండూ ఓడ రాకల పండుగలే అయినా, ఈ తేడా వల్ల ఒకటి ప్రజలను చీల్చుతోంది, ఒకటి కలుపుతోంది.

ఆ ఓడల్లో మనవారున్నారు. కోరంగి నుంచీ, విశాఖపట్నం తీరం నుంచీ వెళ్లిన తెలుగువారి సంతతి మారిషస్‌లో ఇప్పటికీ తెలుగువారిగానే గుర్తింపు నిలుపుకుంది. 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ట్రూరో ఓడ మద్రాసు నుంచే బయలుదేరింది, అందులో తెలుగు కుటుంబాలున్నాయి. ఇంకొంచెం వెనక్కి వెళితే, కరువు కాలాల్లో కోరమండల్ తీరాన తిండి లేక తమను తాము అమ్ముకున్నవారిని డచ్చి కంపెనీ కొని బటావియాకూ (నేటి జకార్తా), సింహళానికీ ఓడల్లో తరలించింది. భీమిలి సమాధుల మీది స్తంభాలను శ్రద్ధగా కాపాడుతున్నందుకు సంతోషించాలి. ఆ కంపెనీ ఓడల్లో వెళ్లినవారికి మాత్రం స్తంభం లేదు.

ఈ మూడింటిలో మూడవదే మేలన్నది నా స్థిరమైన అభిప్రాయం. మొదటి దారి ఓడిపోయినవారిని పక్కకు నెడుతుంది. రెండవది అవసరమైన చోట్ల సరైనదే, అయినా అది తీసివేయడంతోనే ఆగిపోతుంది. మూడవది కష్టమైనది, ఎందుకంటే దానికి పరిశోధన, రాతకోతలు, పేర్లు వెతికి పట్టుకునే ఓపిక అవసరం. అందులోనూ ఒక ప్రమాదముంది. భారం మోసినవారిని తలచుకునే పండుగ కూడా రాజకీయ సభగా మారి, ఆ రోజు ఎవరిదో మరిచిపోయే అవకాశం ఉంది. ఆ ప్రమాదం ఉన్నందువల్ల ఈ దారిని వదులుకోనవసరం లేదు.

దీనికి కావలసిన సామగ్రి మన దగ్గరే ఉందని చెప్పగలను. మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల రికార్డులున్నాయి. డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్లిన ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, జిల్లా, గ్రామం నమోదయ్యాయి. వాటిలో విశాఖపట్నం జిల్లా కింద నమోదైన పేర్లను ఏర్చి, తెలుగులోకి ఎక్కించి, పోర్టు సమీపంలో ఒక గోడ మీద ఊళ్ల వారీగా చెక్కించవచ్చు. నాయకులకూ, కవులకూ విగ్రహాలున్న బీచ్ రోడ్డులో నేను చూసినంతలో ఈ కూలీలకు చోటు దక్కలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే, ఇంటిపేర్లు, ఊరిపేర్లు గుర్తుపట్టడంలో భీమిలి, అనకాపల్లి, విజయనగరం ప్రాంతాల పెద్దలు తోడుంటారు. వాల్తేరు డివిజన్ పేరు మార్చడానికి వెచ్చించిన శ్రద్ధలో కొంత భాగం ఈ జాబితాల మీద పెట్టినా చాలు, ఈ నగరంలో వచ్చే నవంబరు 2 నాటికి చదివి వినిపించడానికి కొన్ని పేర్లు సిద్ధంగా ఉంటాయి.