స్పైడర్‌మ్యాన్ గేమ్: మూడోసారి పూర్తి చేశాక

ఇన్సామ్నియాక్ స్టూడియో వాళ్ల ‘మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్’ 2018 సెప్టెంబరులో పీఎస్4 (ప్లేస్టేషన్ 4)కి వచ్చింది. వచ్చిన ఏడాదే ఒకసారి ఆడాను, 2022లో పీసీ వెర్షన్ వచ్చాక ఇంకోసారి, ఈమధ్యే మూడోసారి. ఈసారి మొదలుపెట్టేటప్పటికి ఏ విలన్ ఎప్పుడు వస్తాడో సగం మర్చిపోయాను. కానీ మేడ మీంచి దూకగానే నా వేలు తనంతట తనే కంట్రోలర్ మీది ఆర్2 బటన్ నొక్కేసింది.

ఆ బటన్ నొక్కి పట్టుకుంటే స్పైడర్‌మ్యాన్ దారం వేసి ఊగుతాడు, తీసేస్తే దారం వదిలేస్తాడు. అంతే, రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎక్కడ వదలాలో తెలియడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. ఊపు కిందికి వచ్చిన చోట వదిలితే ముందుకు దూసుకుపోతాడు, పైకి లేచాక వదిలితే ఎత్తు వస్తుంది గానీ వేగం చచ్చిపోతుంది. నాకు ఇష్టమైన పని ఒకటుంది. బాగా ఎత్తు నుంచి ఎల్3 (ఎడమ స్టిక్‌ని లోపలికి) నొక్కి తలకిందులుగా డైవ్ చేయడం, కింద కార్ల పైకప్పులు దగ్గర పడేదాకా ఆగి, అప్పుడు దారం వేయడం. ఆ ఒక్క ఊపు కోసం పని కట్టుకుని మళ్లీ అదే మేడ ఎక్కిన రోజులున్నాయి.

దారం ఆకాశానికి అంటుకోదు, పక్కన మేడో చెట్టో ఉండాలి. 2004లో ట్రేయార్క్ స్టూడియో చేసిన స్పైడర్‌మ్యాన్ గేమ్ నుంచీ ఉన్న పద్ధతే ఇది, అంతకుముందు గేముల్లో దారం పైకి ఎక్కడికో పోయేది. దీనివల్ల గేమ్ జరిగే న్యూయార్క్ మ్యాన్‌హాటన్ మ్యాప్‌లో ఒక్కో చోట చేతి లెక్క మారిపోతుంది. ఎత్తు మేడలున్న వీధుల్లో పెద్ద పెద్ద ఊపులు. సెంట్రల్ పార్క్ మీదికి రాగానే పట్టుకోవడానికి చెట్లు తప్ప ఏమీ లేవు, దాదాపు గడ్డికి రాసుకుంటూ పోవాలి. మొదటిసారి ఆడినప్పుడు ఆ పార్క్ అంటే చిరాకు. ఇప్పుడు నేల తగలకుండా ఈ చివర నుంచి ఆ చివరకి దాటాలని నాకు నేనే పందెం వేసుకుంటున్నాను. సబ్‌వే రైలు ఎక్కి ఒక్క క్షణంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. సూట్ వేసుకుని మామూలు ప్రయాణికుల మధ్య కూర్చునే ఆ చిన్న సీన్లు నవ్వు తెప్పిస్తాయి కూడా. అవి చూడటానికి నాలుగైదు సార్లు ఎక్కానేమో, మళ్లీ ఎక్కలేదు. తొందరగా చేరే దారి ఇచ్చినా వద్దనిపించిందంటే గేమ్ సగం గెలిచినట్టే.

ఇంకో చిన్న విషయం. పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) పాత్రకి గొంతు ఇచ్చిన యూరీ లోవెంథాల్ చాలా డైలాగుల్ని రెండు రకాలుగా చెప్పాడు: నిలబడి మాట్లాడుతున్నట్టు ఒకసారి, ఊగుతూ ఆయాసపడుతున్నట్టు ఇంకోసారి. ఫోన్ మాట్లాడుతూ ఏ గోడ మీదో ఆగితే గొంతు కుదుటపడుతుంది. మొదటి రెండుసార్లు ఇది నా చెవికి ఆనలేదు. తెలిశాక మాత్రం ప్రతి కాల్‌లోనూ అదే వింటున్నాను.

ఫైటింగ్‌లో నాకు నచ్చింది వీడి బలం కాదు, వీడికి కుదరని పనులు. తుపాకీ గుండ్లు నాలుగు తగిలితే పోతాడు, కాబట్టి ఒకచోట నిలబడి కొడదామంటే కుదరదు. తల చుట్టూ స్పైడర్ సెన్స్ (ప్రమాదాన్ని ముందే పసిగట్టే శక్తి) గీతలు వెలగ్గానే సర్కిల్ బటన్ నొక్కి తప్పుకోవాలి. స్క్వేర్ బటన్ నొక్కి పట్టుకుని ఒకణ్ని గాల్లోకి లేపి అక్కడే కొడుతుంటే కింద ఉన్నవాళ్ల చేతికి చిక్కం. పైగా వీడు ఎవరినీ చంపడు. మొదట్లో ఒక దొంగని మేడ మీంచి కిందికి తన్నేసి, అయ్యో అనుకుని అంచు దగ్గరికెళ్లి తొంగి చూశాను. వాడు దారాలతో గోడకి అతుక్కుని వేలాడుతున్నాడు. హీరో స్వభావాన్ని రూల్‌గా మార్చడమంటే ఇదీ.

2009లో రాక్‌స్టెడీ స్టూడియో చేసిన ‘బ్యాట్‌మ్యాన్: అర్కమ్ అసైలమ్’ ఈ పని ముందే చేసింది. అక్కడ చీకట్లో గార్గాయిల్ అనే రాక్షసి బొమ్మ మీద కూర్చుని, కింద తుపాకులు పట్టుకున్నవాళ్లని ఒక్కొక్కణ్నీ మాయం చేస్తుంటే, మిగిలినవాళ్లకి టెన్షన్ పెరిగి అరుచుకోవడం మొదలుపెడతారు. బ్యాట్‌మ్యాన్‌కి అతీత శక్తులేమీ లేవు, ఎదురుగా వెళ్తే కాల్చేస్తారు. అందుకే దాక్కోవడంలో మజా ఉంది. ఏ దెబ్బా తగలని సూపర్‌మ్యాన్‌తో గేమ్ చేయడం ఎంత కష్టమో 1999లో నింటెండో 64 కన్సోల్‌కి వచ్చిన సూపర్‌మ్యాన్ గేమ్ చూస్తే తెలుస్తుంది. అన్నీ చేయగలవాడితో గాల్లో రింగుల్లోంచి దూరించారు పాపం.

స్పైడర్‌మ్యాన్‌లో విసుగు పుట్టించేవి లేవా అంటే, ఉన్నాయి. పీటర్ స్నేహితురాలు ఎంజే, కుర్రాడు మైల్స్‌లతో నక్కి నక్కి నడిచే మిషన్లు మూడోసారి ఆడలేక ఆడాను. ఊపు మీద ఉన్నవాణ్ని దింపి, పెట్టెల వెనక కూర్చోబెట్టినట్టుంటుంది. ల్యాబ్ పజిల్స్‌ని సెట్టింగ్స్‌లో దాటేసే వీలుంది, దాటేశాను. వీధి నేరాలు మొదటి పది బాగుంటాయి, తర్వాత అదే కారు, అదే ఛేజింగ్. 55 బ్యాక్‌ప్యాక్‌లు వెతకడం మాత్రం భారం అనిపించలేదు, ఒక్కోదాంట్లో పీటర్ పాత రోజుల వస్తువు ఏదో ఒకటి దొరుకుతుంది. పేరు చెప్పను గానీ, ఇంకో సూపర్‌హీరో గేమ్‌లో గ్లవ్స్‌కి ఇన్ని పాయింట్లు, బెల్ట్‌కి ఇన్ని పాయింట్లు అని లెక్కలు సరిచూసుకోవడంతోనే నా వారం గడిచిపోయింది. గ్లవ్స్ మార్చినా గుద్దు మారలేదు.

2023లో పీఎస్5కి వచ్చిన రెండో భాగంలో చేతుల కింద వెబ్ వింగ్స్ అనే రెక్కలు ఇచ్చారు. వాటితో వేగంగా ఎగిరిపోవచ్చు, నదిని కూడా దాటొచ్చు. నాకు మాత్రం దారాన్ని మర్చిపోయేలా చేస్తాయనే బెంగ. దానికి విరుగుడు అన్నట్టు సెట్టింగ్స్‌లో రెండు ఆప్షన్లు పెట్టారు. ఊగేటప్పుడు గేమ్ మనకి చేసే సాయాన్ని సున్నా దాకా తగ్గించుకోవచ్చు, ఎత్తు నుంచి పడితే దెబ్బ తగిలేలా కూడా పెట్టుకోవచ్చు. రెండూ మార్చేశాను. మొదటి అరగంటలో నాలుగుసార్లు రోడ్డుకి కొట్టుకున్నాను. మళ్లీ వెనక్కి మార్చలేదు.